కొసరు

తూకం అయిపోయింది. అరకిలో వంకాయలు, పావుకిలో బెండకాయలు, రెండు కట్టలు తోటకూర. డబ్బులు కూడా ఇచ్చేశాం. సంచి అందుకోబోతుంటే ఆవిడ "ఆగుండ్రి" అని, బండి మీద ఓ మూల తడిగుడ్డ ఎత్తి నాలుగు కరివేపాకు రెమ్మలు తీసింది. వాటికి గుప్పెడు పచ్చిమిరపకాయలు కలిపి సంచిలో పడేసింది. తక్కెడతో సంబంధం లేని సరుకు అది. దానికి ధర లేదు, లెక్క లేదు. పేరు మాత్రం ఉంది. కొసరు.

మా చిన్నప్పుడు కొసరు అడిగి మరీ పుచ్చుకునేవాళ్లు. పాలు పోయించుకున్నాక మా అమ్మమ్మ గిన్నె వెనక్కి తీసుకునేది కాదు. అలాగే పట్టుకుని నిలబడేది. పాలవాడు కాసేపు ఆమె వంక, కాసేపు క్యాను వంక చూసి, ఇంకో రెండు చుక్కలు ఒలకబోసేవాడు. అప్పుడు గానీ ఆ బేరం తెగినట్టు కాదు. ఆ చుక్కలతో ఆమెకు ఒరిగేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు పెద్ద దుకాణాల్లో వంకాయలు గాజు పలక మీద పెడితే బిల్లు అదే అచ్చయి వస్తుంది. ఐదు వందల రెండు గ్రాములు తూగితే ఆ రెండు గ్రాములకూ డబ్బు పడుతుంది. అందులో అన్యాయమేమీ లేదు. గ్రాముతో సహా న్యాయమే.

ఆవేళ నా పక్కన మా మేనకోడలు ఉంది. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి సివిల్స్‌కు చదువుకుంటోంది. ఆదివారాలు అన్నానికి మా ఇంటికి వస్తుంది. సంచిలోకి తొంగి చూసి, "మామయ్యా, దీన్ని సూపర్ఎరొగేషన్ అంటారు" అంది. ఏదో పురుగుమందు పేరనుకున్నాను. కరివేపాకు మీద కొట్టారేమోనని కంగారుపడ్డాను కూడా.

అది మందు పేరు కాదట. నీతిశాస్త్రంలో మాట. చేసి తీరాల్సిన బాధ్యత లేకపోయినా చేసే మంచి పనికి ఆ పేరు. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఎథిక్స్‌కు విడిగా ఒక పేపరు పెట్టారు. 250 మార్కులు. దానికోసం ఆమె దగ్గర ఓ లావుపాటి పుస్తకం ఉంది. భోజనాలయ్యాక ఆమె కునుకు తీస్తుంటే ఆ పుస్తకం నేను తెరిచాను.

మా తరానికి నీతి అంటే కథ కింద ఉండే చివరి వాక్యం. 1853లో చిన్నయసూరి 'నీతిచంద్రిక' అచ్చయినప్పటి నుంచి మన పిల్లలకు నీతిని నక్కలూ కాకులూ ఎలుకలే చెబుతూ వచ్చాయి. కథంతా ఆశగా చదివి, ఆ చివరి వాక్యం దగ్గరకొచ్చేసరికి పేజీ తిప్పేసేవాళ్లం. నాకైతే ఇప్పటికీ ఆ నక్కలు గుర్తున్నాయి గానీ, వాటి కింద నీతి ఏమి రాశారో గుర్తులేదు. ఈ పుస్తకంలో ఆ చివరి వాక్యమే లేదు. పేజీల నిండా ప్రశ్నలే.

మొదటి అధ్యాయం మెటా ఎథిక్స్. పేరు చూసి భయపడ్డాను గానీ విషయం చిన్నదే. ఏది మంచి, ఏది చెడు అని అడిగే ముందు, అసలు 'మంచి' అనే మాటకు అర్థమేమిటని అడుగుతారక్కడ. తెలుగువాడికి ఈ ప్రశ్న వింతగా తోచకూడదు. మంచినీళ్లంటే తాగే నీళ్లు. మంచినూనె అంటే నువ్వుల నూనె. మంచిరోజు పంచాంగంలో ఉంటుంది. 'మంచిగున్నవా' అని తెలంగాణలో అడిగితే అది ఒంట్లో కులాసా గురించి, గుణం గురించి కాదు. మంచి ఎండలో వచ్చావంటే మాడిపోయి వచ్చావని. మంచి దెబ్బే తగిలిందంటే అయ్యో అని అర్థం. పాపం మంచివాడండీ అని ఎవరినైనా అన్నామంటే, సగంసార్లు అతడికి లౌక్యం తెలియదని మన భావం.

ఇన్ని మంచిల్లో అసలు మంచి ఏది? కేంబ్రిడ్జిలో జి.ఇ. మూర్ అనే ఆయన 1903లో దీని మీద ఒక పుస్తకమే రాసి, మంచికి నిర్వచనం కుదరదు పొమ్మన్నాడు. పసుపు రంగు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేం, పసుపుకొమ్మును చూపించగలం, అంతే. మంచీ అలాంటిదేనట. ఆ తర్వాత 1936లో ఎ.జె. ఎయిర్ అనే పాతికేళ్ల కుర్రాడు వచ్చి, ఇది మంచి పని, ఇది చెడ్డ పని అనేవి అసలు సమాచారం ఇచ్చే వాక్యాలే కావన్నాడు. మనం శభాష్ అంటున్నామో, ఛీ అంటున్నామో అంతేనట వాటిలో ఉన్నది. వయసులో ఉన్నవాడి దుడుకు మాటలా ఉంది గానీ, మా వీధి అరుగుల మీద సాయంత్రాలు విన్న నీతిచర్చలు తలుచుకుంటే ఆ అబ్బాయిని పూర్తిగా కాదనలేను.

పుస్తకానికి నడుమ భాగం సిద్ధాంతాలు. మేం ఎలా బతకాలో చెప్పండయ్యా అని అడిగితే పెద్దలు చెప్పిన జవాబులు. ఈ అధ్యాయం చదువుతున్నంతసేపూ నాకు మనసులో ఆ కూరగాయల బండే మెదిలింది. ఆ తక్కెడ పక్కన ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

ముందు వచ్చింది జెరెమీ బెంథామ్. ఇంగ్లండు లాయరు. పని మంచిదో కాదో దాని ఫలితం చెబుతుంది, ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగితే అది మంచి పని అన్నాడు. అనడంతో ఆగలేదు. సుఖాన్ని తూచడానికి ఏడు కొలతలు చెప్పాడు. ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంటుంది, ఎంతమందికి అందుతుంది, ఇలాగ. ఆయనకు మన కొసరు చూపిస్తే ముచ్చటపడేవాడు. నాలుగు రెమ్మలు తగ్గినందుకు ఆవిడకు కలిగిన నష్టం ఇంత, మా చారులో పెరిగిన కమ్మదనం ఇంత, మళ్లీ వారం మేం ఆ బండి దగ్గరకే పోవడం వల్ల లాభం ఇంత అని లెక్క కట్టేవాడు. 1832లో పోతూ పోతూ, తన శరీరం కూడా వృథా కాకూడదని రాసిపెట్టాడు. ఆయన అస్థిపంజరానికి ఆయన బట్టలే తొడిగి లండన్ యూనివర్సిటీ కాలేజీలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఆయన మిత్రుడి కొడుకు జాన్ స్టువర్ట్ మిల్ కథ చదివితే మాత్రం మనసు కలుక్కుమంటుంది. తండ్రి మూడో ఏటే గ్రీకు మొదలుపెట్టించాడు. లోకానికి సుఖాన్ని పెంచే యంత్రంలా పిల్లవాణ్ని తయారుచేశాడు. ఇరవయ్యో ఏట ఆ కుర్రాడు ఒకరోజు తనను తాను అడిగాడు. నేను కోరుకున్న మార్పులన్నీ ఈ క్షణానే జరిగిపోతే నాకు సంతోషం కలుగుతుందా అని. కలగదని లోపలినుంచి జవాబు వచ్చింది. కూలబడిపోయాడు. నెలల తరబడి ఆ దిగులు వదల్లేదు. తర్వాత వర్డ్స్‌వర్త్ పద్యాలు చదువుకుంటూ మెల్లగా తేరుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. అందుకేనేమో, పెద్దయ్యాక ఆయన సుఖాలన్నీ ఒక్క జాతివి కావనీ, వాటిలో ఎక్కువ తక్కువలున్నాయనీ అన్నాడు.

రెండోవాడు ఇమ్మాన్యుయేల్ కాంట్. ఈయనకు ఫలితాలతో పనిలేదు. ఏ ఉద్దేశంతో చేశావన్నదే ప్రశ్న. 1785లో రాసిన పుస్తకంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ నిజంగానే ఒక దుకాణదారుడిది. కొట్టుకు చిన్నపిల్లవాడు వచ్చినా సరే, అందరికీ చెప్పే ధరే చెబుతాడు ఆ శెట్టిగారు. మోసం చేయడు. మంచివాడేనా? ఆగండి అంటాడు కాంట్. మోసం చేస్తే పేరు పోయి గిరాకీ పడిపోతుందన్న భయంతో అలా ఉన్నాడేమో. అలాగైతే అతడి పని సరైనదే గానీ అందులో నీతి విలువ లేదు. ఇది చేయాల్సిన ధర్మం గనక చేస్తున్నాను అనుకుని చేస్తేనే దానికి విలువ.

అంతవరకైతే ఒప్పుకోవచ్చు. కానీ కాంట్ ఇంకో అడుగు వేశాడు. కొందరికి పుట్టుకతోనే జాలిగుండె ఉంటుంది, ఒకరికి పెడితే వాళ్లకే సంతోషం. ఆ సంతోషం కోసం పెట్టినా అది ముచ్చటైన పనే గానీ, అందులోనూ అసలైన నీతి విలువ లేదన్నాడు. ఇది విని కవి షిల్లర్ ఎగతాళి చేశాడు. అయ్యో, నా స్నేహితులంటే నాకిష్టమే, ఇప్పుడెలా, వాళ్లను ముందు అసహ్యించుకోవడం నేర్చుకుని అప్పుడు సాయం చేయాలి కాబోలు అని. నేను షిల్లర్ పక్షమే. అయినా కాంట్ మాట ముల్లులా ఎక్కడో గుచ్చుకునే ఉంటుంది.

ఆ ముల్లు మనకు కొత్తది కాదని తర్వాత తట్టింది. చందమామ చదివి పెరిగినవాళ్లకు బేతాళుడు తెలియకుండా ఉండడు. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని రాజు నడవడం, శవంలోని బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేయడం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన 'కథాసరిత్సాగరం'లో ఆ కథలున్నాయి. అందులో మదనసేన కథ ఒకటి. పెళ్లి నిశ్చయమైన ఆ పిల్ల, తనను ప్రేమించి వేధిస్తున్న ధర్మదత్తుడికి, పెళ్లయ్యాక ముందు నీ దగ్గరికి వస్తానని మాట ఇచ్చేస్తుంది. పెళ్లిరాత్రి భర్తకు సంగతి చెబుతుంది. మాట ఇచ్చావు కదా, వెళ్లు అంటాడతడు. దారిలో దొంగ అడ్డుపడతాడు. తిరిగొచ్చేటప్పుడు నీకే దొరుకుతాను, వదులు అంటే నమ్మి వదిలేస్తాడు. ధర్మదత్తుడు ఆమెను చూసి, పరాయివాడి భార్యవు, వెళ్లిపో అంటాడు. మళ్లీ దొంగ దగ్గరికొస్తే, ఆమె నిజాయితీకి మెచ్చి నగలు కూడా ముట్టకుండా ఇంటిదాకా దిగబెడతాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప త్యాగి?

దొంగ అంటాడు రాజు. భర్త, మనసు ఇంకెక్కడో ఉన్న భార్యను పట్టుకుని ఏం చేస్తాననుకున్నాడు. ధర్మదత్తుడికి అప్పటికే మోజు తగ్గింది, పైగా తెల్లారితే భర్త రాజుకు ఫిర్యాదు చేస్తాడన్న భయం ఉంది. చీకట్లో తిరిగే దొంగకు మాత్రం వదిలేయాల్సిన అవసరం ఒక్కటీ లేదు. వదిలేశాడు. కాంట్‌కు ఏడు వందల ఏళ్ల ముందే మన శ్మశానం దారిలో రాజుగారు చేసిన వాదన ఇది. కాకపోతే రాజుగారు ధర్మమనే మాట ఎత్తలేదు. ఎవరి దగ్గర సాకు లేదో చూశాడంతే.

మూడోవాడు అరిస్టాటిల్. వరసలో అందరికన్నా ముందువాడే గానీ, మా మేనకోడలి పుస్తకంలో చివర్న ఉన్నాడు. ఇంగ్లండులో ఎలిజబెత్ ఆన్స్‌కూమ్ అనే ఆవిడ 1958లో ఒక వ్యాసంలో గట్టిగా గుర్తుచేశాకే ఈ కాలపు పండితులు మళ్లీ ఆయన వైపు తిరిగారట. ఈ పనికి ఫలితమేమిటి, ఉద్దేశమేమిటి అని ఆయన ఆరా తీయడు. మనిషి ఎలాంటివాడని అడుగుతాడు. గుణం అలవాటుతో వస్తుంది. వీణ వాయించి వాయించి వైణికుడైనట్టే, పెట్టి పెట్టి ఉదారుడవుతాడు. మొక్కై వంగనిది మానై వంగదని మన ఇళ్లల్లో అనే మాటే ఇది. పిసినారితనానికీ దుబారాకూ నడుమ ఔదార్యం ఉంటుందనీ, ఉదారుడు ఇచ్చేటప్పుడు బాధపడడనీ కూడా చెప్పాడు. కరివేపాకు తుంచినప్పుడు ఆవిడ మొహం నేను చూడనే లేదు. సంచి వంకే చూస్తున్నాను.

ఇంతకీ ఆ పురుగుమందు మాట. జె.ఓ. అర్మ్‌సన్ కూడా అదే 1958లో ఒక వ్యాసం రాశాడు. లోకంలోని పనులను చేయాల్సినవి, చేయకూడనివి, చేసినా మానినా ఒకటే అనిపించేవి అని మూడు బుట్టల్లో వేస్తే సరిపోదన్నాడు. ప్లేగు సోకిన ఊరికి తనంతట తాను బయల్దేరి వెళ్లే డాక్టరు ఏ బుట్టలోనూ పట్టడు. ఆయన వెళ్లకపోతే ఎవరూ తప్పుపట్టరు, వెళ్తే చేతులెత్తి మొక్కుతారు. నీతిలో కూడా కొసరు ఉందన్నమాట. బాగుందనుకునేలోగా పక్క పేజీలో పీటర్ సింగర్ కనిపించాడు. తూర్పు బెంగాల్ శరణార్థులు ఆకలితో అల్లాడుతున్న రోజుల్లో రాసిన వ్యాసం, 1972లో అచ్చయింది. లోతులేని కుంటలో పిల్లవాడు మునిగిపోతుంటే బట్టలు బురదవుతాయని ఆగుతామా? ఆగం. దూరాన ఉన్న పిల్లవాడి సంగతీ అంతే కదా అంటాడు. మనం దానమని పేరుపెట్టి కొసరులో వేసుకుంటున్నది నిజానికి అసలు బాకీయేనట. ఆ పేజీ దగ్గర పుస్తకం కాసేపు మూసేశాను.

చివరి భాగం నిత్యజీవితానికి దగ్గరది. ఆస్పత్రుల్లో, కోర్టుల్లో, వ్యాపారంలో ఈ సిద్ధాంతాలు ఎలా పనికొస్తాయో చూడటం. వైద్యానికి నాలుగు సూత్రాలని 1979లో ఇద్దరు అమెరికన్లు రాసిన పుస్తకం ప్రసిద్ధమట. రోగి ఇష్టాన్ని మన్నించడం, కీడు చేయకపోవడం, మేలు చేయడం, అందరికీ న్యాయంగా పంచడం. మొదటి సూత్రం దగ్గర నాకు మా నాన్న జ్ఞాపకం వచ్చారు.

డాక్టరుగారు గదిలోకి నన్నొక్కణ్నే పిలిచి చెప్పారు. ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు అని నేనే బతిమాలుకున్నాను. బయటికొస్తే బల్ల మీద కూర్చున్న నాన్న, "ఏమన్నారు?" అన్నారు. "ఏం లేదు నాన్నా, నీరసం. టానిక్కు రాశారు" అన్నాను. ఆయన నా మొహం వంక ఒక్కసారి చూసి, "సరే పద, ఆలస్యమైతే బస్సులు కిక్కిరిసిపోతాయి" అన్నారు. తర్వాత ఐదు నెలలు ఆయన ఆ టానిక్కు రోజూ రెండు పూటలా శ్రద్ధగా తాగారు. ఆయనకు తెలుసని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకూ తెలుసు.

భారతంలో కర్ణపర్వంలో కౌశికుడి కథ చెబుతాడు కృష్ణుడు. ప్రాణం పోయినా అబద్ధమాడనని వ్రతం పట్టినవాడు ఆ కౌశికుడు. దొంగలు తరుముతుంటే కొందరు పారిపోయి వచ్చి అడవిలో దాక్కున్నారు. వెనకే వచ్చిన దొంగలు ఎటు వెళ్లారని అడిగితే నిజమే చెప్పాడు. వాళ్ల ప్రాణాలు పోయాయి, కౌశికుడు నరకానికి పోయాడు. 1797లో కాంట్ సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే, హంతకుడు తలుపు కొట్టి అడిగినా అబద్ధం కూడదని జవాబిచ్చాడు. కృష్ణుడి వైపు మొగ్గడం మనకు తేలిక. కానీ మా తలుపు దగ్గర ఏ హంతకుడూ లేడు. నేను కాపాడింది ఆయన్నా, ఆయన కళ్లలోకి చూడలేని నన్నా అన్నది ఇన్నేళ్లయినా తేలలేదు.

ఆ పుస్తకంలో నాకు దగ్గరగా అనిపించిన మనిషి ఒక పదకొండేళ్ల పిల్ల. కారల్ గిల్లిగన్ 1982లో రాసిన పుస్తకంలో ఆ పిల్ల పేరు ఎమీ. భార్య చావుబతుకుల్లో ఉంది, మందు కొనడానికి డబ్బు చాలదు, మందులషాపు అతను తగ్గించనంటున్నాడు, భర్త దొంగతనం చేయవచ్చా అని పిల్లల్ని అడిగారు. అదే వయసు మగపిల్లవాడు లెక్క చేసినట్టు చకచకా జవాబిచ్చాడు. చేయవచ్చు, ప్రాణం డబ్బుకన్నా గొప్పది. ఎమీ నసిగింది. దొంగతనం చేస్తే జైల్లో పెడతారు, అప్పుడు ఆవిడకు మళ్లీ జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? అప్పు తీసుకోవచ్చేమో, అందరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అంది. పాతకాలపు కొలతల ప్రకారం ఆ పిల్లకు మార్కులు తక్కువ. గిల్లిగన్ మాత్రం, పిల్ల తప్పలేదు, మీ కొలబద్దే పొట్టిది అంది. మనుషుల మధ్య ఉన్న పోగు తెగకుండా చూసుకోవడం కూడా నీతేనని ఆవిడ మాట. విస్తరి ముందు కూర్చున్నవాడు చాలన్నాక కూడా కొసరి కొసరి వడ్డించే చేతులున్న ఇళ్లల్లో పెరిగాం. మనకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

సాయంత్రం మా మేనకోడలు లేచి, "ఏం తేల్చావు మామయ్యా?" అంది. ఏమీ తేల్చలేదన్నాను. "అయితే ఆవిడనే అడిగేద్దాం" అంది. చదువుకునే పిల్లలకు ఉండే ధైర్యం అది.

మరుసటి ఆదివారం వాకింగు నుంచి వస్తూ ఇద్దరం బండి దగ్గర ఆగాం. ఈసారి దొండకాయలు. తూకమయ్యాక యథాప్రకారం తడిగుడ్డ ఎత్తి కరివేపాకు తీసింది. మా పిల్ల అడిగేసింది. "అమ్మా, ఇది ఊరికే ఎందుకు వేస్తావు?"

ఆవిడ నవ్వలేదు, ఆలోచించనూ లేదు. "ఊకెనే ఏడ బిడ్డా! పొద్దూకే వరకు వాడిపోతది. పారేసుడు కన్నా మీకేస్తే అయిపాయె" అని తర్వాతి బేరం వైపు తిరిగింది.

మా మేనకోడలి మొహం చిన్నబోయింది. "కాంట్ గెలిచాడు మామయ్యా. ఇది కొసరు కాదు, స్టాక్ క్లియరెన్సు" అంది. దారంతా అదే అంటూ వచ్చింది. ఇంటికొచ్చి సంచి గట్టు మీద బోర్లించాను. కరివేపాకు రెమ్మలు పైకి వచ్చాయి. కోసిన చోట ఈనె ఇంకా పచ్చిగా ఉంది.

గోడ గడియారం వంక చూశాను. పొద్దున్న ఆరూ యాభై.